నాడి దొరకని చేయి

నా చిన్నప్పుడు ఇస్నాపూర్‌లో మా పశువుల కొట్టం కిరాయి గదులైపోయింది. చుట్టూ ఫ్యాక్టరీలు లేచాయి, ఎక్కడెక్కడినుంచో పనివాళ్లు వచ్చారు, వాళ్లకు ఉండటానికి చోటు కావాలి. మా నాన్న ఎడ్లను అమ్మేసి, కొట్టానికి గోడలు లేపి, పైన రేకులు వేయించి మూడు గదులు చేశాడు. రెండింట్లో బయటివాళ్లు ఉండేవారు. మూడోదాంట్లో మా చిన్నమ్మ, చిన్నాయన ఉండేవారు. చిన్నమ్మ మా అమ్మకు సొంత చెల్లెలు. చిన్నాయన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. ఆయనకు రాత్రి డ్యూటీ పడిన వారమంతా నేను చిన్నమ్మ దగ్గరే పడుకునేదాన్ని. వాళ్లకు పిల్లలు లేరు. నన్నే బిడ్డ అనుకునేది ఆమె, నేనూ ఆ చనువును బాగానే వాడుకునేదాన్ని.

బడికి వెళ్లే ముందు నాకు రెండు జడలు వేసేది ఆమే. ఒక జడ సగం అల్లి, చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చునేది. మళ్లీ అందుకునేది, మళ్లీ ఆగేది. బడి గంట కొట్టేస్తారని నేను విసుక్కునేదాన్ని. చేతులు గుంజుతున్నాయని ఎప్పుడైనా అంటే, పని ఎగ్గొట్టడానికి భలే సాకు దొరికిందని మా ఇంట్లో నవ్వేవాళ్లు. పాతికేళ్లు నిండని మనిషికి చేతులు గుంజడమేమిటని వాళ్ల ఉద్దేశం. నేనూ వాళ్లతోపాటు నవ్వాను.

ఒక ఎండాకాలం బోరింగు దగ్గర బిందె ఎత్తుతూ చిన్నమ్మ కుప్పకూలింది. తెచ్చి మా అరుగు మీద పడుకోబెట్టారు. మా వీధిలో సూదులు వేసే ఆర్‌ఎంపీ డాక్టరు పరుగున వచ్చాడు. ఎడమ మణికట్టు పట్టుకున్నాడు, కుడి మణికట్టు పట్టుకున్నాడు, బీపీ పట్టీ చుట్టి గాలి కొట్టి చూశాడు. ఆయన ముఖం పాలిపోయింది. "నాడి అందుతలేదమ్మా" అన్నాడు మా అమ్మతో, మెల్లగా. ఆ మాట పూర్తికాకముందే పక్కింటి అవ్వ శోకం ఎత్తుకుంది. మిగతా ఆడవాళ్లూ అందుకున్నారు. ఆ గోలకు చిన్నమ్మ కళ్లు తెరిచి, "ఎవరు పోయిండ్రే?" అని అడిగింది.

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ ఆ రోజు ఎవరూ నవ్వలేదు. అవ్వ నాలుగడుగులు వెనక్కి వేసింది.

హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో రెండు నెలలు ఉంచారు. చివరికి జబ్బు పేరు చెప్పారు, ఎవరో జపాన్ డాక్టరు పేరట అది. చాలా అరుదైన జబ్బు కాబట్టి చదువుకునే డాక్టర్లు గుంపులుగా వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని చూసి పోయేవారట. ఒంటిని కాపాడాల్సిన బలగమే పొరబడి సొంత రక్తనాళాల మీద పడుతుందని, నాళాల గోడలు వాచి దారి ఇరుకైపోతుందని, అందుకే చేతుల్లోకి రక్తం సరిగ్గా పోక నాడి దొరకదని మా నాన్నకు విడమరిచి చెప్పారు. పూర్తిగా నయమయ్యేది కాదు, ఏళ్ల తరబడి మందులు మింగుతూ అదుపులో పెట్టుకోవాల్సిందేనన్నారు. చేతుల గుంజుడు సాకు కాదని మా ఇంట్లో అందరికీ అప్పుడు తెలిసింది. 

చిన్నమ్మ తిరిగొచ్చేసరికి మాత్రలకు ముఖం ఉబ్బి గుండ్రంగా అయింది. వీధి మాత్రం డాక్టర్ల మాట వినలేదు. చచ్చి బతికిన మనిషి అని పేరు పెట్టింది. ఆమె పేరంటానికి పిలిస్తే ఏదో ఒక పని అడ్డం వచ్చేది అందరికీ.

ఆ పేరు అంత దూరం పాకడంలో నా చేయి కూడా ఉంది. మా చిన్నమ్మకు నాడి లేదని బడిలో గొప్పలు పోయాను. నమ్మని ఇద్దరు స్నేహితురాళ్లను, ఆమె మధ్యాహ్నం కునుకు తీస్తుండగా గదిలోకి తీసుకెళ్లి, మణికట్టు పట్టి చూడమన్నాను. ఒక పిల్ల చూసి కెవ్వుమంది. ఇద్దరూ పరుగెత్తారు. ఆ కేకతో నాకూ భయం పట్టుకుంది. చిన్నమ్మ అప్పటికే మేలుకుని ఉంది, నన్నే చూస్తోంది.  నేను కూడా బయటికి పరుగెత్తాను.

ఆ రోజు నుంచి ఆమె దగ్గర పడుకోలేదు. జడలు అమ్మతో వేయించుకున్నాను. ఆమె చేతి ముద్ద తినలేదు. పిలిస్తే గడప బయటే నిలబడి జవాబు చెప్పేదాన్ని. వీధి వాళ్లు రాకపోయినా ఆమె ఎలాగో తట్టుకునేది. చిన్నాయన డ్యూటీకి పోయాక, నేను కూడా రాకపోతే ఆ గదిలో ఆమెకు ఇంకెవరున్నారు? ఆ మాత్రం నాకు తెలియకపోలేదు. భయం ముందు అది పనిచేయలేదు.

సద్దుల బతుకమ్మ రోజు వచ్చింది. తంగేడు పూలు ఇచ్చి రమ్మని అమ్మ నన్ను చిన్నమ్మ గదికి పంపింది. ఆమె పీట మీద కూర్చుని ఉంది, పక్కన గిన్నెలో కలిపిన పసుపు ఉంది. "వంగితే కండ్లు తిరుగుతున్నయి బిడ్డా. జెర నా కాళ్లకు పసుపు రాస్తవా?" అంది. తప్పించుకోవడానికి సాకు దొరకలేదు. పైగా కాళ్లే కదా, చేతులు కావు కదా అనుకుని కూర్చున్నాను. ఆ పొద్దున ఆమె తన గడప తానే వంగి కడిగి ముగ్గు వేసుకుందన్న సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తట్టలేదు.

వేళ్లకు, మడమకు రాశాను. చీలమండ ఎముక దగ్గరికి వచ్చేసరికి ఆపింది. "గా బొక్క ఎనుక, లోపలి దిక్కు. గట్టిగ ఒత్తకు. ఏలు తియ్యకుండ జెర ఆగు." ఆగాను. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత నా వేలి కింద ఏదో కదిలింది. టక్, టక్ మని నిదానంగా కొట్టుకుంటోంది. నాకు ఒళ్లంతా పులకరించింది. "ఉన్నది చిన్నమ్మా! నీకు నాడి ఉన్నది! అందరికి చెప్పొస్త" అంటూ లేచాను.

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఆగు" అంది. "గీడ గూడ దొరకకపోతే ఏం జేద్దువే? ఇగ నా దగ్గరికి రాకపోదువా?"

నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ఆమె గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది. "చేతులల్ల నాడి ఎన్నేండ్ల సంది లేదో డాక్టర్లకే తెల్వదట. నీకు జడలేసింది గీ చేతులే. బువ్వ తినిపిచ్చింది గీ చేతులే. అప్పుడు నీకేమన్న భయమైందా?"

సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. వెళ్లి ఆమె చేయి పట్టుకున్నాను. అంతకాలం నేను పారిపోయింది ఆ చేతినుంచే. పసుపు నా వేళ్లనుంచి ఆమె వేళ్లకు అంటింది. 

సాయంత్రం ఆ చేయి పట్టుకునే బతుకమ్మ దగ్గరికి వెళ్లాను. కొందరు పక్కకు జరిగారు. చప్పట్లు కొట్టడానికి ఆమెకు సత్తువ లేదు, చేతులు కిందికి వదిలేసి మెల్లగా తిరిగింది. ఆమె ఇచ్చిన వాయనం పక్కింటి అవ్వ ఆ ఏడు తీసుకోలేదు, మరుసటి ఏడూ తీసుకోలేదు. కాలి దగ్గర నాడి ఉందని నేను ఎవరికీ చెప్పలేదు. అది రుజువు చేస్తే తప్ప దగ్గరికి రానివాళ్లతో ఆమెకు పని లేదని నాకు అర్థమైంది.

చిన్నమ్మ ఆ జబ్బుతో ఇరవై ఏళ్లకు పైగా బతికింది. ఎన్నోసార్లు నేనే దవాఖానకు తీసుకెళ్లాను. కొత్త నర్సు వచ్చిన ప్రతిసారీ చేతికి బీపీ పట్టీ చుట్టి పరేషాన్ అయ్యేది, కాలికి చుట్టమని మేమే చెప్పేవాళ్లం. కొన్ని ఏళ్లు బాగానే గడిచాయి, కొన్ని ఏళ్లు మంచం మీదే గడిచాయి. ఆ ప్రశ్న మాత్రం ఆమె మళ్లీ నన్ను అడగలేదు.

ఇప్పుడు నాకూ వయసు మీద పడింది. చుట్టాల్లోనో ఇరుగుపొరుగులోనో ఎవరో ఒకరు జబ్బుపడుతూనే ఉంటారు, చూడటానికి వెళుతుంటాను. ఏం జబ్బు, డాక్టర్లు ఏమన్నారు, నయమవుతుందా, ఇవన్నీ నాకూ తెలుసుకోవాలనే ఉంటుంది. అయినా తర్వాతే అడుగుతాను. ముందు చేయి పట్టుకుంటాను.