అటెండెడ్ టు

నయాపూల్ దగ్గర కోర్టు గోడ పక్కన టైపు మిషన్ పెట్టుకున్న వైకుంఠం లెక్కలో, "అటెండ్ టు" అన్న మాట లేని అర్జీ అర్జీయే కాదు. "పట్టించుకొని పని చేయండి అని దానర్థం. గదే తెలుగుల రాస్తే బతిమాలినట్టుంటది. ఇంగ్లీషుల రాస్తే హక్కుతోని అడిగినట్టుంటది" అని వచ్చినవాళ్లందరికీ పాఠం చెప్పేవాడు. పాతబస్తీ మురుగుకాల్వలూ వీధిదీపాలూ ఎన్ని ఆ మాట మోసుకుని ఆఫీసులకు వెళ్లాయో ఆయనకే తెలియదు.

ఈ వేసవిలో మాత్రం ఆ మాట వింటేనే ఆయనకు ఒళ్లు మండుతోంది. ఫలక్‌నుమాలో ఖైసర్ బేగం ఇంటి నల్లాలో మురుగు కలుస్తోంది. ఆ నీళ్లు తాగి మనవరాలు తహ్రీమ్ కామెర్లతో మంచం పట్టింది. అర్జీ పెట్టినప్పుడల్లా బేగం ఫోనుకు ఒకటే జవాబు: అటెండెడ్ టు. అంటే పట్టించుకున్నారట, పని అయిపోయిందట! నల్లా ముఖం చూసిన మనిషి లేడు.

"ఎవరన్న వచ్చిన్రా ఆపా?" సీసా పట్టుకొని మళ్లీ వచ్చిన ఖైసర్ బేగాన్ని అడిగాడు.

"ఎవ్వల్ రాలే భాయ్. పొద్దుగాల పట్టిన నీళ్లు, సూడు" అని ఆమె సీసా మూత తీసింది. వైకుంఠం ముక్కు మూసుకున్నాడు.

ఆ సీసా పట్టుకొని ఆమెతో పాటు నీళ్ల ఆఫీసుకు వెళ్లాడు. గుమాస్తా తలెత్తకుండానే, "మీ అర్జీ చదివినం, పై సారుకు పంపినం. ఇంకేం జెయ్యాలె?" అన్నాడు.

"చదువుడు కాదయ్యా, మనిషిని పంపుడు! పని గాకుండ అయిందని ఎట్ల రాస్తరు?"

"లొల్లి చెయ్యకు పెద్దమనిషి. కొత్తది పెట్టుకోపో."

వైకుంఠం ఆమెతో విసవిసా తిరిగొచ్చాడు. టైపు మిషన్‌ని పక్కకు నెట్టి, పెన్ను తీసి తెలుగులో రాశాడు. 'నల్లాలో మురుగు వస్తోంది. పిల్లకు కామెర్లు. ఇవాళే మనిషిని పంపండి.' అంతే. చదివి వినిపించాడు.

ఖైసర్ బేగం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నారాజ్ గాకు భాయ్. గిట్ల నేను గూడ చెప్తగదా. ఆ మాట లేకుంటె సాబులు సూడరని ఇన్నేండ్లు నువ్వే చెప్తివి. పోరి పానం మీదికొచ్చింది. ఆ మాట ఎయ్యి."

వైకుంఠం మిషన్‌ని మళ్లీ ముందుకు లాక్కుని, కొత్త కాగితం ఎక్కించి, పగబట్టినవాడిలా ఆ మాటనే కొట్టాడు.