రిజిస్టరులో పెన్సిలు టిక్కులు

ఉదయం ఎనిమిదీ పదికి బందరు గ్రంథాలయం అటెండరు తాళం తీశారు. అప్పటికే నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను. ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాది అది. కోడూరులో కాపురమున్న మా అక్క ఆ ఉప్పెనలో పోయింది. నేను బి.ఏ. చివరి ఏడాది చదువుతున్నాను. మన వైపు ఆడవాళ్ళు ఏం చదువుతారన్న దాని మీద ప్రాజెక్టు రాస్తానని కాలేజీలో చెప్పాను. ఎందుకో చెప్పలేదు. మా అక్క చదివేది, అంతే.

లెక్చరరు గారు కాదనలేదు, ఒప్పుకోనూ లేదు.

"చదువుతారని నువ్వంటే సరిపోదమ్మా. కాగితం మీద చూపించు. సోమవారంలోగా దొరక్కపోతే విషయం మార్చుకో. వరి సాగు మీద రాద్దువుగాని."

గ్రంథాలయంలో కాగితమంటే పుస్తకాలిచ్చే రిజిస్టరు. తేదీ, పుస్తకం, తీసుకున్న సభ్యుడి పేరు అందులో ఉంటాయి. మూడు రోజులు కూర్చుని ఆడపేర్లు వెతికాను. ఐదేళ్ళ రిజిస్టర్లలో నాలుగు దొరికాయి. నాలుగూ పంతులమ్మలవే.

గురువారం సాయంత్రం అటెండరు నా బల్ల దగ్గరికి వచ్చారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ సాయిబు గారు ఆయన.

"ఏమ్మా, మొహం అలా పెట్టావు?"

"ఆడవాళ్ళు చదవరట బాబాయి గారూ. మీ రిజిస్టరే చెబుతోంది."

ఆయన వేలు ఒక పేరు మీద ఆగింది. "ఈ వకీలు గారు చూడు, వారానికి రెండు నవలలు. ఆయన పోయి నాలుగేళ్ళు. పైన తీరుబడి ఎక్కువనుకుంటా."

నేను తలెత్తాను.

"పక్కన పెన్సిలు టిక్కు ఉందా? అది నేను ఇంటికి పట్టుకెళ్ళింది. ఆడవాళ్ళు ఇక్కడికొచ్చి మగాళ్ళ మధ్య నిలబడరు గదా. కార్డు ఇంటాయన పేరున ఉంటుంది. ఆయనే వచ్చి తీసుకుంటే టిక్కు పెట్టను."

"మేం ఇదివరకు గుడివాడలో ఉండేవాళ్ళం. అక్కడా ఇంతేనా అండీ?"

"అక్కడి అటెండరుకి నేర్పింది నేనే."

మర్నాడు శుక్రవారం, గ్రంథాలయానికి సెలవు. ఆయన సంచీతో ఇళ్ళకు తిరిగే రోజు అదే. పొద్దున్నే వెంట వెళ్ళాను. టిక్కు ఉన్న పుస్తకాలు తామే చదివామని ఒప్పుకున్నవాళ్ళతో సంతకాలు చేయించాను. వకీలు గారి భార్య కలం పట్టుకుని, "మా వారిది చేయనా, నాది చేయనా?" అని అడిగారు. మీదేనండీ అన్నాను. మధ్యాహ్నం నమాజు వేళకి పదకొండు సంతకాలయ్యాయి.

శనివారం గుడివాడ వెళ్ళాను. అక్క పెళ్ళయ్యేదాకా మేము అక్కడే ఉన్నాం. రిజిస్టరులో నాన్న పేరున నలభై ఒక్క పుస్తకాలున్నాయి. అన్నిటికీ టిక్కులే. నాన్న పేపరు తప్ప ఏమీ చదవరు. చివరి టిక్కు పెళ్ళికి మూడు రోజుల ముందుది. ఆ తర్వాత అక్క కోడూరులో ఏం చదివిందో తెలియదు. అక్కడి రిజిస్టర్లు నీళ్ళలో పోయాయి.

ఇంటికి వచ్చి నాన్నకి ఆ పుస్తకాల జాబితా రాసి ఇచ్చాను. ఆయన మొదటి నుంచి చివరిదాకా చదివి, "ఇవి నేను చదవలేదు. మా పెద్దమ్మాయి చదివింది" అని కింద రాసి, సంతకం చేసి, లోపలికి వెళ్ళారు.

సోమవారం లెక్చరరు గారు కాగితాలన్నీ తిరగేశారు. నాన్న రాసినది విడిగా తీసి పట్టుకున్నారు.

"సొంత ఇంటి సంగతి. ఇదీ పెడతావా?"

"పెడతానండీ."

"సరే, పెట్టు. వరి సంగతి ఇంకెవరికైనా ఇస్తాను."

ఆ వ్యాసం గట్టిగానే రాశాను. ఈ రోజు చూసినా అందులో వాక్యం మార్చను. అక్క చదివిన నలభై ఒక్క పుస్తకాల పేర్లూ చివరి పేజీలో ఉన్నాయి.

సాయిబు గారు రిటైరయ్యాక ఆ సంచీ ఇంకెవరూ పట్టలేదు. బందరులో ఇప్పుడు గ్రంథాలయం పుస్తకాలు ఇళ్ళకు పంపడం లేదు.