అమ్మ ఫొటో మీద నల్ల గీత

అమ్మ పోయాక ఇంట్లో కూర్చోలేకపోయాను. పలకరించడానికి వచ్చినవాళ్లు ఎలా పోయిందని అడిగేవారు. చెప్పిందే చెప్పాల్సి వచ్చేది. పెద్దకర్మ కార్డుల పని ఉందని చెప్పి, నేను గుమాస్తాగా చేసే పత్తి జిన్నింగ్ మిల్లు ఆఫీసుకు సైకిలు మీద వచ్చేశాను.

తొంభైల చివరి సంగతి. కార్డులో ఫొటో అచ్చు వేయాలంటే బ్లాకు గుంటూరులో చేయించాలి. అంత వ్యవధి లేదు. అందుకని ప్రెస్సులో మాటలు మాత్రం అచ్చు వేయించి, పైన మధ్యలో వదిలిన ఖాళీలో అమ్మ ఫొటో అంటించి, ఆఫీసు మిషను మీద జిరాక్స్ తీద్దామనుకున్నాను. సాయంత్రం బస్సుకు బాబాయి ఆ కార్డులు బంధువుల ఊళ్లకు పట్టుకెళ్లాలి.

నాన్న ఒక్కటే అడిగాడు. "ముఖం తేటగా రావాలిరా. చూడగానే మనిషి తెలియాలి."

మొదటి కాపీలోనే నల్ల గీత వచ్చింది. కాగితం నడిమధ్యన, పైనుంచి కిందిదాకా. అమ్మ నుదుటి మీద మొదలై గడ్డం మీదుగా దిగింది. కార్డు తలకిందులుగా పెట్టినా గీత ముఖం మీదే. మిషను గాజు తుడిచి, కార్డు తీసేసి, తెల్ల కాగితం పెట్టాను. దాని మీదా అదే గీత. అంటే తప్పు ఫొటోది కాదు, గాజుదీ కాదు. లోపల, బొమ్మను కాగితం మీదికి దించే డ్రమ్ముది.

పత్తి నాణ్యం చూసే గ్రేడరు గారు లోపలికి వచ్చారు. నాన్న వయసు మనిషి.

"ఇంటి దగ్గర ఉండాల్సినోడివి, ఇక్కడేం చేస్తన్నావ్ అబ్బాయ్?"

కాపీ చూపించాను. ఆయన దాన్ని తీసుకుని గీత వెంట వేలు పోనిచ్చారు. తర్వాత, "ఈ మిషను మన మేనేజరు కంటే పాతది. ఆయన్లాగే కనపడ్డదాని మీదల్లా గీత కొడతాది," అన్నారు.

నవ్వు వచ్చింది. అమ్మ పోయాక అదే మొదటిసారి.

మా ఆఫీసులో ఏది మురికైనా ఒకటే మందు. బల్ల మీద శాంపిలు దూది ఎప్పుడూ కుప్పగా ఉంటుంది. కళ్లద్దాలైనా, ఒలికిన టీ అయినా, దాంతోనే తుడవడం. ఆయన గుప్పెడు దూది తీసి ఇచ్చారు. ప్లగ్గు పీకి, డ్రమ్ము బయటికి లాగి, మెల్లగా తుడిచాను. మళ్లీ పెట్టి తీస్తే ఇప్పుడు రెండు గీతలు.

"బాగా తుడువు," అన్నారాయన. తుడిచాను. మూడు.

గోడ గడియారం వైపు చూడకుండా ఉండలేకపోతున్నాను. డ్రమ్మును కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. దాని మీద మిగిలిపోయిన నల్లపొడిని గీకడానికి దానికి ఆనుకునే ఒక రబ్బరు బద్ద ఉంటుంది. బద్ద కింద వెలుతురుకి ఏదో మెరిసింది. దూది పోగు. పోగు ఇరుక్కున్న చోట బద్ద డ్రమ్ముకు ఆనడం లేదు. అక్కడ పొడి మిగిలిపోయి గీతగా పడుతోంది. తుడిచిన ప్రతిసారీ ఇంకో పోగు వదిలిపెట్టాం.

పోస్టుకార్డు అంచు బద్ద కిందికి జొనిపి పోగులను ఒక్కొక్కటిగా లాగాను. గ్రేడరు గారు ఒకదాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని సాగదీసి చూశారు, అలవాటు కొద్దీ.

"పింజ మంచిదేనయ్యా," అన్నారు.

ఈసారి కాపీలో గీత లేదు. అమ్మ ముఖం వచ్చింది. ఆయన కళ్లజోడు సరిచేసుకుని కాగితం మీదికి వంగారు.

"గడ్డం కాడ ఇంకా చుక్క ఉందే." చెయ్యి మళ్లీ దూది కుప్ప మీదికి పోయింది.

"వద్దండీ. అది పుట్టుమచ్చ."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

కార్డులు తీయడం తొందరగానే అయిపోయింది. ఒక్కదాని మీదా మరక లేదు. కట్ట కట్టాను. మిషను ఆపాను. అయినా మూత ఎత్తి గాజు మీద ఇంకేమైనా ఉందేమోనని చూశాను. ఏమీ లేదు. ఇక ఇంటికి వెళ్లాలి.