ఒకే కారుకు రెండు వకాల్తాలు

లొరేన్ ఎక్లిస్ ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు ఇంగ్లండులోని ఆక్రింగ్టన్‌లో ఎవరూ లేరు. ఇంటింటికీ తిరిగి ముసలమ్మల జుట్టు కత్తిరించడం, రోలర్లు చుట్టడం, రంగు వేయడం ఆమె పని. పూర్వం బజారులో ఒక సెలూన్లో ఉండేది. అది మూతపడ్డాక కత్తెరలూ డ్రయ్యరూ కారు డిక్కీలో పడేసుకుని ఇళ్ల మీద పడింది. ఊరంతా ఎత్తుపల్లాలే కాబట్టి కారు లేకపోతే ఆమెకు కాళ్లు లేనట్టే.

అది డీజిల్ కారు. కొన్ననాడు షోరూమ్‌లో అమ్మినవాడు, "దీన్నుంచి పొగే రాదు మేడమ్, గాలికి మేలు చేస్తున్నామనుకోండి" అన్నాడు. లొరేన్ ఆ మాట పట్టుకుంది. కొండ మీది ఇళ్ల వరసలో ఉండే మేవిస్ క్రాబ్‌ట్రీకి ఊపిరితిత్తుల జబ్బు. ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లే రోజున, లోపల వెచ్చగా ఉండాలని, వాళ్ల గుమ్మం ముందే ఇంజన్ ఆపకుండా నిలబెట్టేది. మేవిస్ దగ్గుతూ వచ్చి ఎక్కేది. కొన్నేళ్లకు, ఆ కంపెనీ బళ్లు పరీక్షలో ఒకలా, రోడ్డు మీద ఇంకోలా పొగ వదులుతున్నాయని వేలమంది కలిసి దావా వేస్తున్నట్టు తెలిసింది. ఆ గుమ్మం ముందు పొగ గుర్తొచ్చి లొరేన్ కడుపు రగిలిపోయింది.

అందుకే, ఒక ఇంట్లో ఒకావిడ తలకు రంగు పట్టేదాకా ఆగాల్సి వచ్చినప్పుడు, ఫోన్‌లో కనబడిన ప్రకటన నొక్కింది. గెలిస్తేనే ఫీజు, ఓడితే పెన్నీ కూడా ఇవ్వక్కర్లేదన్నారు. కారు నంబరు, పేరు, సంతకం ఇచ్చేసరికి రంగు ఇంకా పట్టనేలేదు. కొన్ని నెలలకు మళ్లీ అలాంటి ప్రకటనే వచ్చింది. మొదటివాళ్లే ఏదో కాగితం మిగిలిందని అడుగుతున్నారనుకుని అదీ పూర్తిచేసింది. ఇక ఎవరి ఇంటికి వెళ్లినా అదే పాట. మేవిస్ భర్త విల్ఫ్‌కు కూడా ఆ కంపెనీ కారే ఉందని తెలియగానే, "ఇలా ఇవ్వండి మీ ఫోను. పోయేదేముంది?" అని తనే అన్ని గళ్లూ నొక్కి పెట్టింది. పెద్దాయన చివర వేలితో సంతకం గీశాడు.

ఆ తర్వాత వారం తిరక్కుండానే మొదట సంతకం తీసుకున్న మాంచెస్టర్ లాయర్ల ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. లొరేన్ కారు పక్కకు తీసి ఆపింది.

"మిసెస్ ఎక్లిస్, మీ కారు పేరు మీద రెండు దావాలున్నాయండీ. ఒకటి మాది, ఇంకోటి వేరేవాళ్లది. కారు కంపెనీ లాయర్లు పట్టేశారు."

"రెండా? నేను వేసింది ఒకటేగా!"

"మీ సంతకం రెండుచోట్లా ఉంది మరి. ఒకటి వదులుకోవాలి."

"సరే, మిమ్మల్నే వదులుకుంటాను."

"అలాగంటే మాకు ఇప్పటిదాకా అయిన ఖర్చు మీరు కట్టాల్సి రావచ్చండీ. ఒప్పందంలో ఉంది."

"గెలిస్తేనే ఫీజన్నారు కదమ్మా!"

"మధ్యలో మానేస్తే ఖర్చు కట్టాలని కూడా రాశామండీ."

ఆ రోజు లొరేన్ ఒకావిడ ముంగురులు వంకరగా కత్తిరించింది. ఇంటికొచ్చి టీ కోసం నీళ్లు పెట్టి, అవి మరిగాక పారబోసి, మళ్లీ పెట్టింది. బస్సు డ్రైవరుగా రిటైరైన మొగుడు గ్లెన్ కుర్చీలోంచి చూస్తూనే ఉన్నాడు.

"ఏమే, కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేంటి?"

"ఏంలేదు."

"ఏంలేకపోతే కూర్చో. నువ్వు కూర్చుంటే చూడాలని ముప్ఫయ్యేళ్లుగా కాసుక్కూర్చున్నా."

నవ్వించబోయాడు కానీ ఆమెకు నవ్వు రాలేదు. రెండో సంస్థకు ఫోన్ చేస్తే పాట వినిపించి, పాట వినిపించి, లైను తెగిపోయేది. మళ్లీ చేసేది. ఆ పాట ఆమె తలలోకెక్కి, జుట్టు దువ్వుతున్నా మోగుతూనే ఉండేది. ఇల్లు పోతుందేమోనని ఒకసారి, జైల్లో పెడతారేమోనని ఒకసారి అనిపించేది. పెట్టరని తెలిసీ అనిపించేది.

చివరికి లైబ్రరీ మేడ మీది ఉచిత సలహా కేంద్రానికి వెళ్లింది. అక్కడ నస్రీన్ అనే ఆవిడ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని ఒప్పందం రెండుసార్లు చదివింది.

"బెంబేలు పడకండి, ఇవాళ మీ ఇంటి మీదికి ఎవరూ రారు," అంది. "కానీ గెలిస్తేనే ఫీజంటే ఎప్పటికీ ఖర్చే ఉండదని కాదు. గెలిస్తే వచ్చినదాంట్లో పెద్ద ముక్క వాళ్లే కోసుకుంటారు. ఓడితే అవతలివాళ్ల ఖర్చు మీ మీద పడకుండా బీమా ఉందంటున్నారు. ఆ బీమా నిజంగా ఉందో లేదో, ఎంతవరకు ఉందో అడగాలి. మీరు తప్పుడు వివరమిచ్చినా, అడిగిన కాగితం ఇవ్వకపోయినా అది చెల్లకపోవచ్చు."

"నాకివేవీ చెప్పలేదు."

"రాశారు. చదివేలోగా మీరు సంతకం పెట్టేశారు. అందరూ అంతే, నేనూ కరెంటు కంపెనీవాళ్లకి అలాగే పెట్టా." నస్రీన్ అడిగింది, "మీరు ఇంకెవరినైనా చేర్పించారా?"

లొరేన్ కు చటుక్కున తట్టింది. విల్ఫ్!

సంతకం పెట్టిన పద్నాలుగు రోజుల్లోపైతే ఊరికే మానుకోవచ్చని నస్రీన్ చెప్పింది. లొరేన్ మెట్లు దిగుతూనే లెక్కేసుకుంది. గడువు రేపటితో సరి. ఎవరో తల దువ్వించుకోవడానికి ఎదురుచూస్తున్నారని కూడా మరిచి కొండెక్కింది.

విల్ఫ్ పెరట్లో గుడ్డముక్కతో కారు తుడుస్తున్నాడు. విషయం వినగానే గుడ్డ బకెట్లో పడేశాడు.

"నేను మానను."

"విల్ఫ్ గారూ, నా మాట వినండి..."

"నీ మాట విన్నాకేగా చేరింది! నువ్వే ఎక్కించి నువ్వే దించుతావా? నేనేమన్నా బస్సు పాసెంజర్నా? మీ ఆయన్నడుగు, మధ్యలో దించితే ఊరుకుంటారేమో."

"నాకు తెలీక చేశాను. తెలిసుంటే మీ జోలికి వచ్చేదాన్నే కాదు."

"చూడు తల్లీ, నేను మిల్లులో ఉన్నప్పుడు ఓ మాటంటే ఫోర్‌మన్ వినేవాడు. మిల్లు పోయాక నన్నెవరూ ఏమీ అడగలేదు. వీళ్లడిగారు. నీకు జరిగింది అన్యాయమా కాదా అనడిగారు. ఔనన్నాను."

లొరేన్‌కు ఆ రోజు గుర్తొచ్చింది. తను గళ్లు నొక్కిందే తప్ప ఆయన ముఖం చూడలేదు.

వంటింటి గుమ్మంలో నిలబడి మేవిస్ అంతా వింది. ఊపిరి తీసుకుంటూ నెమ్మదిగా అంది, "అరుపులాపి లోపలికి రండి ఇద్దరూ. ఆ కాగితం చదవండి. అంతా చదివాక కూడా ఉంటానంటే ఉండనీ, వద్దంటే మాననీ. ముసలోడే గానీ చంటిపిల్లాడు కాదుగా."

లొరేన్ ఫోన్ తెరిచి, అక్షరాలు పెద్దవి చేసి, మొదటినుంచీ పైకి చదివింది. విల్ఫ్ చెవి మిషను సర్దుకుని విన్నాడు. అర్థంకాని చోట ఆపించాడు, రెండోసారి చదివించాడు. మేవిస్ రొట్టె ముక్కల మీద వెన్న రాసి పెట్టింది. ఎవరూ తినలేదు. దగ్గర పడుతున్న సాయంత్రాన్ని చూస్తూ లొరేన్ బల్ల కింద కాలు ఆడిస్తూనే ఉంది.

మానుకుంటే ఖర్చు, లాయర్లు కబురు పెడితే జవాబు, అవసరమైతే సాక్ష్యం అన్న భాగం వచ్చేసరికి విల్ఫ్ చెయ్యెత్తాడు.

"ఇది ఎన్నేళ్లు నడుస్తుందట?"

"చెప్పలేమని రాశారు."

ఆయన మేవిస్ వైపు చూశాడు. ఆమె దగ్గు ఆగేదాకా చూశాడు. "నాకన్నేళ్లు లేవు, దీనికసలే లేవు," అన్నాడు. "కొట్టు, మానేస్తానని కొట్టు. కానీ ఈసారి ప్రతి అక్షరం నాకు చూపించి కొట్టు."

లొరేన్ అలాగే చేసింది. మర్నాడు ముట్టిందని కబురొచ్చేదాకా ఆమెకు అన్నపానాలు సహించలేదు.

తన సంగతి అంత తేలిగ్గా తేలలేదు. నస్రీన్ సాయంతో ఇద్దరు లాయర్లకూ ఉత్తరాలు రాసింది. చాలా వారాలు సాగదీసి, రెండో సంస్థ డబ్బేమీ అడక్కుండానే వదిలేసింది. మొదటివాళ్లతో ఉండిపోవాల్సి వచ్చింది. కేసు ఇంకా నడుస్తోంది. బీమా కాగితం పంపమని అడిగితే సగం పంపారు, మిగతా సగానికి ఆమె అడుగుతూనే ఉంది.

గెలిస్తే ఏం చేస్తావని గ్లెన్ అడిగితే, "ముందు అయిపోనీ" అంటుంది. కారు అమ్ముదామంటే, కేసులో ఉన్న బండి అమ్మవచ్చో లేదో అదీ అడగాలి. అందుకని దాన్నే వేసుకుని కొండెక్కుతుంది. మేవిస్ ఇంకా బయటికి రాకముందే ఇంజన్ ఆపేసి, చలికి చేతులు రుద్దుకుంటూ, కారు చుట్టూ తిరుగుతూ నిలబడుతుంది.