కవి ఒక్కడేనని నేను రుజువు చేసిన విధం

ఎప్పుడో కాలం చేసిన ఓ గ్రీకు కవి నన్ను అమెరికా నుంచి ఇంటికి పంపించినంత పని చేశాడు. అసలు ఆయన ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. గొడవంతా అక్కడే మొదలైంది.

ఎనభైల తొలి రోజులు. ఇల్లినాయిలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. నా ల్యాబ్ రిపోర్టులు టెలిగ్రాముల్లా ఉన్నాయని విసిగిపోయిన మా అడ్వైజరు, ఇంగ్లీషు రాయడం అలవడేందుకు సాహిత్యం కోర్సు ఒకటి తీసుకోమన్నాడు. అందులో బి గ్రేడుకి తగ్గితే అసిస్టెంట్‌షిప్ ఉండదన్నాడు. అది పోతే చదువు పోతుంది, చదువు వెనకే వీసా. పొద్దున్నే లేవక్కర్లేని క్లాసు ఏదా అని జాబితా అంతా గాలించి, గ్రీకు ఇతిహాసాల కోర్సులో గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డాను.

పాఠం చెప్పేది ప్రొఫెసర్ హాల్వర్సన్. అరవై దాటిన పెద్దావిడ. మేం చదవాల్సిన గ్రీకు యుద్ధకావ్యాన్ని ఒక్కడే అల్లాడా, తరతరాల గాయకులు పాడుతూ పెంచారా అని పండితులు ఎంతో కాలంగా జుట్లు పట్టుకుంటున్నారట. పలువురి పని అనేవాళ్లు కావ్యంలో అతుకులు చూపిస్తారు. ఒకచోట చచ్చిన వీరుడు కొన్ని ఘట్టాల తర్వాత కొడుకు శవం వెంట ఏడుస్తూ నడుస్తాడు మరి. ఈ తగాదా మీద పదిహేను పేజీల పేపరు రాయాలి.

నేనేం రాశానంటారా? శుక్రవారం దాకా ఒక్క ముక్క రాయలేదు. కంప్యూటర్ ల్యాబులో నా ప్రోగ్రాముతో కుస్తీ పడుతున్నాను. పేపరు సోమవారం ఇవ్వాలి.

అపార్ట్‌మెంటులో నాతో ఇద్దరుండేవాళ్లు: సివిల్ చదివే తెనాలి నరసింహం, కెమికల్ చదివే వరంగల్ యాదగిరి. నరసింహానికి భయమంటే తెలియదు, ముఖ్యంగా ఇతరుల విషయాల్లో.

"ఒరే శాస్త్రీ, పదిహేను పేజీలు, ముగ్గురం. తలా ఐదు రాసేద్దాం. దీనికింత ఏడుపెందుకురా?" అన్నాడు.

"నాకు గ్రీకోళ్ల సంగతి ఏం ఎరుక లేదన్నా," అన్నాడు యాదగిరి.

పలువురు అని రాస్తే వాళ్లెవరో చెప్పాల్సొస్తుంది కాబట్టి, కవి ఒక్కడే అని రాద్దామని ఏకగ్రీవంగా తీర్మానించుకున్నాం. మా మధ్య జరిగిన సాహిత్య చర్చ అంతే. నా పుస్తకాన్ని బ్లేడుతో మూడు ముక్కలుగా కోసి పంచుకున్నాం. ఆదివారం మూడు వాటాలూ నేనే టైపు చేశాను. టైపు చేయడం వేరు, చదవడం వేరు. ఆ తేడా తెలియనివాళ్లు అదృష్టవంతులు.

బుధవారం ఆవిడ నన్ను ఆఫీసుకి పిలిచింది. కోపంగా లేదు. దాంతో మరీ భయమేసింది.

"మిస్టర్ శాస్త్రి, మూడో పేజీలో కవి పుట్టుగుడ్డి అన్నారు. ఎనిమిదో పేజీలో, కళ్లారా చూడనివాడు సముద్రాన్ని ఇలా వర్ణించలేడన్నారు. మధ్యలో ఆయనకి ఆపరేషన్ అయిందా?"

ఆవిడ ఒక్కొక్కటే చూపించింది. రంగు అనే మాటకి మొదటి ఐదు పేజీల్లో ఇంగ్లండు స్పెల్లింగు, తర్వాతి ఐదింట్లో అమెరికా స్పెల్లింగు. నరసింహం ప్రతి వాక్యాన్నీ 'అందుచేత'తో ఎత్తుకున్నాడు. యాదగిరి పేజీకోసారి 'ప్రాసెస్' అన్నాడు. నా వాటా ఎలాగూ టెలిగ్రామే.

"కవి ఒక్కడే అని వాదించే పేపర్లు చాలా చదివాను. ముగ్గురు కలిసి వాదించింది ఇదే మొదటిది," అంది.

పదిమంది చేతిలో పాము చావదంటారు. ముగ్గురి చేతిలో మా పేపరు బతకలేదు.

జరిగిందంతా చెప్పేశాను. ఇది డీన్ దగ్గరికి వెళ్లవలసిన కేసని ఆవిడా చెప్పింది. సూట్‌కేసులో ఏం సర్దాలో నేను మనసులో సర్దుకుంటున్నాను. పుస్తకం ఎంత చదివావని అడిగింది. నా వాటా చదివానన్నాను. ఆవిడ షెల్ఫులోంచి తన సొంత ప్రతి తీసి నా చేతిలో పెట్టింది. డీన్ దాకా వెళ్లకూడదంటే, పది రోజుల్లో మొత్తం చదివి, ఒక్కడినే, ఐదంటే ఐదు పేజీలు రాయాలి. దీన్ని మాత్రం బ్లేడుకి దూరంగా ఉంచాలి.

గుమ్మం దాకా వెళ్లాక వెనక్కి పిలిచింది.

"ఆ సముద్రం గురించి రాసినవాడెవరు? అతను నిజంగా చదివాడు. క్లాసుకి రమ్మనండి."

సంగతి చెబితే యాదగిరి సిగ్గుపడిపోయాడు. "ముందట ఏమైతదోనని నీ వాటా కూడ చదివిననే," అన్నాడు. ఆ సెమిస్టరంతా పేరు నమోదు చేసుకోకుండానే వెనక వరసలో కూర్చున్నాడు. కెమికల్ ల్యాబులో కనిపించని వెలుగు వాడి మొహంలో అక్కడ కనిపించేది.

నేనూ చదివాను. బతకడానికి మొదలుపెట్టి, చివరి ఘట్టం దగ్గర కళ్లు తుడుచుకున్నాను. రాసింది ఒక్కడో పదిమందో నాకు తేలలేదనీ, పాడినవాళ్లందరికీ నమస్కారమనీ నా సొంత ఇంగ్లీషులో రాసిచ్చాను. బి వచ్చింది. అడుగున ఆవిడ ఇలా రాసింది: "ఇది నిస్సందేహంగా ఒక్కరి రచనే. మొదటి పేజీలో ఉన్న తప్పులే ఐదో పేజీలోనూ ఉన్నాయి."

అందువల్ల, పాఠకులారా, మీ సాక్షిగా, పూర్ణ స్పృహతో ప్రమాణం చేస్తున్నాను: నా పేరున్న కాగితం ఏదైనా సరే, ఇతరులకిచ్చే ముందు కనీసం ఒక్కసారి చదువుతాను. ఇదంతా ఆసాంతం నేనే రాశాను. 'పూర్ణ స్పృహతో' అన్నది మాత్రం మా ఆవిడ చేర్చింది.