నూట ఇరవై ఒక్క రోజులు తక్కువైన సుగుణత్త

2025 మే నెల. నాచారంలో ఎండ ఎట్లా ఉందంటే, రోడ్డు మీద ఒక్క నిమిషం ఆగిన బస్సును మళ్లీ కదిలించాలంటే టైర్లను తారులోంచి అట్లకాడతో లేపాలేమో అనిపించేది. ఉప్పల్ నుంచి నాచారం చౌరస్తాకు వచ్చే దారిలో, మొదటి అంతస్తులో నా షాపు. రెండు కంప్యూటర్లు, ఒక స్కానర్, తనను తాను ఫ్యాన్ అనుకునే ఒక ఏసీ. ఇరవై మూడేళ్లుగా అక్కడే కూర్చుని పాస్‌పోర్టులు, వీసాలు, రిటైరైన సైంటిస్టుల లైఫ్ సర్టిఫికెట్లు, రైల్వే వాళ్ల పాసులు, ఊరందరి ఫారాలూ నింపుతున్నాను. నేను లాయర్‌ని కాదు, కన్సల్టెంట్‌ని కాదు. ఏ కాగితం మీద ఏ కాగితం పెడితే ఆఫీసర్‌కు కోపం రాదో తెలిసిన మనిషిని, అంతే. ఈ చుట్టుపక్కల అందరి తండ్రుల పేర్లూ స్పెల్లింగుతో సహా నాకు నోటికి వస్తాయంటే నమ్మరు గానీ, సగం మందివి మాత్రం వస్తాయి.

ఆ రోజు పదకొండింటికి మా మేనత్త సుగుణత్త మెట్లెక్కి వచ్చింది. డెబ్బై రెండేళ్లు. రైల్వే టికెట్ కౌంటర్‌లో ముప్పై ఏళ్లు పనిచేసింది. ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా కిటికీలోంచి చూస్తున్నట్టు మెడ వంచి చూస్తుంది. మాట పొడుగైతే "ముందుకు జరుగున్రి" అంటుంది. పైకి వచ్చాక కళ్లజోడు ఆటోలో మరిచానని మళ్లీ దిగి, ఆటోను వెంబడించి ఆపి, మళ్లీ ఎక్కి వచ్చింది. ఆయాసం ఆమెకు రాలేదు, చూసిన నాకు వచ్చింది.

ఆమె వెనకే మా బావ రాజేందర్. సుగుణత్తకు అక్క కొడుకు, అంటే మా పెద్దత్త అనసూయమ్మ కొడుకు. దమ్మాయిగూడలో ఒక కాలనీ సంఘానికి ప్రెసిడెంటు. ఆ కాలనీలో బోరు వేసినా, బోర్డు పెట్టినా ఫ్లెక్సీలో నమస్కారం పెట్టేది ఆయనే. ఆయన చొక్కా తెల్లదనం చూసి మా ట్యూబులైటు సిగ్గుతో రెండుసార్లు ఆరి వెలిగింది. చంకలో ఒక లావు ఫైలు.

"వసంతా, చిన్నమ్మ కెనడా పీఆర్ పోయేటట్టున్నది. ఎట్లనన్న నువ్వే నిలబెట్టాలె," అన్నాడు.

"కూసో బావా. కుర్చీ మీద దుమ్మున్నది, నీ చొక్కా అయితే చీపురు పని తప్పుతది."

"సూడు చిన్నమ్మ, నీ మేనకోడలు నోరు!"

"ఇద్దరు ముందుకు జరుగున్రి," అంది అత్త.

సంగతి ఇది. అత్త కూతురు మాధవి కెనడాలో ఉంటుంది. భర్త లేడు. ఆస్పత్రి ల్యాబ్‌లో షిఫ్టుల ఉద్యోగం. మనవరాలు మేఘన పుట్టినప్పటి నుంచీ పెంచింది అత్తే. అక్కడ అత్తకు పీఆర్, అంటే పర్మనెంట్ రెసిడెన్సీ, వచ్చింది. పౌరసత్వం కాదు గానీ ఎప్పటికీ అక్కడే ఉండే హక్కు. 2022 జనవరిలో ఒక పెళ్లికని మూడు నెలల కోసం ఇక్కడికి వచ్చింది. ఆ మూడు నెలలు పెరిగి పెరిగి మూడేళ్ల నాలుగు నెలలయ్యాయి. ఈలోగా కార్డు గడువు కూడా అయిపోయింది.

కెనడా వాళ్ల నియమం చూడటానికి చిన్నదే. దరఖాస్తు పెట్టే రోజు నుంచి వెనక్కి ఐదేళ్లు చూస్తారు. అందులో ఏడు వందల ముప్పై రోజులు ఆ దేశంలో ఉండి ఉండాలి. పాస్‌పోర్టు ముద్రలు ముందు పెట్టుకుని లెక్కేశాను. ఆరు వందల తొమ్మిది. మళ్లీ వేశాను. క్యాలెండర్‌తో వేశాను, కంప్యూటర్‌తో వేశాను, మా పక్క షాపు లెక్కల మాస్టారితో వేయించాను. ఆ అంకె చలించలేదు. నూట ఇరవై ఒక్క రోజులు తక్కువ.

"తక్కువైతే ఇగ అంతేనా?" అంది అత్త. కౌంటర్ మూసేస్తుంటే లైన్లో ఆఖరి మనిషి అడిగినట్టు అడిగింది.

"ఒక దారున్నది. హ్యుమానిటేరియన్ గ్రౌండ్స్ అంటరు. మానవతా కారణం. ఎందుకు ఆగిపోయినవ్, నువ్వు తప్ప ఆ పనికి ఇంకెవ్వరు లేకుండెనా, నువ్వు పోకుంటే అక్కడి చిన్నపిల్లకు ఏం నష్టం, ఇవన్ని ఆఫీసర్ తూకమేస్తడు. సరే అంటే తిరిగి పోనీకి ట్రావెల్ డాక్యుమెంట్ ఇస్తడు. కాదంటే పీఆర్ పోయినట్టే. అప్పీలున్నది గానీ అది ఇంకో యుద్ధం."

"కారణమే గదా కావల్సింది!" అని బావ ఫైలు తెరిచాడు.

ఆ ఫైలు గురించి మహాభారతంలో ఒక పర్వం రాయొచ్చు. పద్దెనిమిది మెడికల్ సర్టిఫికెట్లు. ఎవరో తెలిసిన డాక్టరు ప్రేమగా రాసిచ్చినవి. వాటి ప్రకారం మా అత్తకు స్లిప్‌డిస్క్, మూడుసార్లు టైఫాయిడ్, మూత్రపిండంలో రాయి, రెండు మోకాళ్లూ అరుగుదల, పేరు పలకడానికి ఐదు నిమిషాలు పట్టే ఒక చర్మవ్యాధి. 2023 ఆగస్టులో ఒకే రోజున ఉప్పల్‌లో ఒక మంచం మీద, లాలాపేట్‌లో ఇంకో మంచం మీద ఉంది. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే వంకర సంతకంతో.

"బావా, ఈ కాగితాల లెక్కన అత్త బతికుండుడే ఒక వింత. మానవతా కారణం కాదు, మ్యూజియంల పెట్టాలె."

"అందరు గిట్లనే పెడతరట గదా?"

"దొరికితే మిస్‌రిప్రజెంటేషన్ అంటరు, అబద్ధపు దరఖాస్తు. ఐదేండ్లు గడప తొక్కనియ్యరు. అప్పటికి మేఘనకు పద్నాలుగేండ్లు." అత్త వైపు తిరిగాను. "నిజంగ ఎందుకాగినవ్ అత్తా?"

అత్త బావ వైపు చూసింది. బావ ఏసీ వైపు చూశాడు.

"ఒంట్లె బాగలేకనే," అంది అత్త. ముప్పై ఏళ్లు టికెట్ల మీద అబద్ధం రాయని చెయ్యి బల్ల మీద చీర అంచును నలుపుతోంది.

మర్నాడు ఒంటరిగా వచ్చింది, ఎయిర్‌బ్యాగు నిండా కాగితాలతో. "ఏది పనికొస్తదో ఏరుకో," అని కూర్చుంది. ఏరుతుంటే అడుగున రబ్బర్ బ్యాండ్ వేసిన కట్ట ఒకటి దొరికింది. ఒక ఆస్పత్రి అటెండెంట్ పాసులు, పదకొండు. రోగి దగ్గర ఒక్కరు ఉండటానికి ఇచ్చే కార్డులు. రోగి: అనసూయమ్మ. అటెండెంట్: సుగుణ, చెల్లెలు. ఫొటోతో సహా. దాని కింద నాలుగు లాంగ్ నోట్‌బుక్కులు.

తెరిచాను. రైల్వే టైంటేబుల్! గళ్లు గీసి, పెద్ద అక్షరాలతో: 6.00 అప్. 8.00 డౌన్. 10.00 అప్. మధ్యలో జావ, మందు, బీపీ. పేజీల కొద్దీ, నెలల కొద్దీ.

"అత్తా, ఇవి ఏం రైళ్లు?"

"పెట్టు లోపట."

"చెప్పేదాకా నీ పాస్‌పోర్టు నా దగ్గరే."

మెడ వంచి చూసి చెప్పింది. ఆమె వచ్చిన నెలకే పెద్దత్తకు పక్షవాతం వచ్చిందని నాకూ తెలుసు, తెలియనిది మిగతాది. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుంది. "అప్ అంటె ఎడమకు తిప్పుడు, డౌన్ అంటె కుడికి. నలుగురు కేర్‌టేకర్లు వచ్చిన్రు. మీ పెద్దత్త నోటికి నాలుగు రోజులల్ల నలుగురు పోయిన్రు. నేను పోతనంటె అది నా కొంగు పట్టుకునేది. ఒక్క చెయ్యే పనిజేసేది అప్పుడు, గా చెయ్యితోనే."

నేను దమ్మాయిగూడలో వాళ్లింటికి పండుగలకు పోయి, పండ్లు పెట్టి, మంచం చుట్టూ మెరిసే ఆ ఇల్లు చూసి, కొడుకు బంగారంలా చూసుకుంటున్నాడని వచ్చినదాన్ని. సుగుణత్త రెస్టు కోసం ఆగిపోయిందని చుట్టాలందరితో పాటు నేనూ నమ్మాను.

"ఇదే అత్తా మన కేసు! ఇంత కంటె ఏం కావాలె!" కుర్చీలోంచి లేచి గంతేశాను. నా బరువుకు కింది అంతస్తు బేకరీలో పఫ్‌లు కదిలుంటాయి.

"రాయొద్దు."

"ఏంది?"

"కొడుకు ఉండంగ చెల్లె చేసిందని కాయితం మీద ఎక్కిస్తవా? వాడు నలుగురిల తిరిగెటోడు. వాని పరువేం గావాలె?"

"కెనడా ఆఫీసర్‌కు దమ్మాయిగూడల ఓటున్నదా అత్తా?"

"కాయితం కాయితమే. రైలు పోయినా చార్టు ఉంటది."

"సరే. పీఆర్ పోనీ. విజిట్ వీసా మీద పో, మనవరాలిని సూసి రా."

"ఆ ఇంట్ల పొయ్యి నాది, మంచం నాది, బడి కాడ దాని కోసం నిలబడె జాగ నాది. నా ఇంటికి నేను చుట్టం లెక్క పోవాల్నా వసంతా?"

అయినా రాయనని నాతో ఒట్టు వేయించుకుంది. రాయనని వేయించుకుంది గానీ, ఎవరికీ చూపించనని వేయించుకోలేదు. ఇరవై మూడేళ్లుగా ఫారాల కింద చిన్న అక్షరాల్లో ఉండే షరతులు చదువుతున్న మనిషితో ఒట్టు వేయించుకునేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి.

ఆదివారం సుగుణత్త గుడికి పోయే వేళ చూసి, స్కూటీ మీద దమ్మాయిగూడ పోయాను. పెద్దత్త వాకర్ పట్టుకుని హాల్లో నడుస్తోంది. కుడి కాలు కొంచెం ఈడుస్తుంది, మాట కొంచెం తడబడుతుంది, వెటకారం మాత్రం చెక్కుచెదరలేదు.

"దాన్ని జల్ది పంపే. కూసోనిస్తలేదు నన్ను. దినాం నడు నడు అంటది, బండి కదిలిపోతున్నట్టు."

బావ సోఫాలో పేపరు చదువుతున్నాడు. పేపరు మీద నోట్‌బుక్ పెట్టాను.

"గీ అప్ ఏంది, డౌన్ ఏంది?"

చెప్పాను. ఆయన పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. కాలనీ మీటింగుల్లో అజెండా కూడా చదవని మనిషి నాలుగు పుస్తకాలూ చివరిదాకా తిప్పాడు.

"నాకు భయమైంది వసంతా," అన్నాడు చివరికి. "అమ్మను ఆ గొట్టాలతోటి సూస్తె నా కాళ్లు గడప దాటలే. మంచం తెచ్చిన, గాలి పరుపు తెచ్చిన, ఏసీ పెట్టిచ్చిన. లోపటికి మాత్రం పోలే. అమ్మకు కూడ తెల్వదు, బిజీగున్న అనుకున్నది."

"తెల్వకేంది రా," అంది పెద్దత్త వాకర్ ఆపి. "దినాం తలుపు కాడ నీ చెప్పుల సప్పుడు వినేదాన్ని."

సోమవారం షాపు తెరవకముందే బావ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన నోటరీ. అఫిడవిట్, అంటే ప్రమాణం చేసి ఇచ్చే వాంగ్మూలం, రాయించడానికి తనే పిలుచుకొచ్చాడు. సుగుణత్తకు ఎట్లా తెలిసిందో, ఆటో దిగి పరుగున వచ్చింది.

"వద్దు రా రాజేందరూ! ఇది నా కేసు!"

"చిన్నమ్మ, జర ఆగు. లైన్ల ముందు నేనున్న," అన్నాడు బావ.

ఆయన చెప్తుంటే నేను టైపు చేశాను. "మా తల్లికి నేను ఒక్కగానొక్క కొడుకును. ఆమె మంచాన ఉన్న కాలంలో ఆమెను తిప్పింది, తినిపించింది, నడక నేర్పింది నేను కాదు. మా చిన్నమ్మ సుగుణ. ఆమె వెళ్లిపోయి ఉంటే మా తల్లి బతికేది కాదు." సంతకం పెట్టడానికి ఆయన పెన్ను విదిలిస్తే తెల్ల చొక్కా మీద ఇంకు పడింది. అత్త కొంగుతో తుడవబోయి ఇంకా పెద్ద మరక చేసింది.

తర్వాత నా వంతు. కవర్ లెటర్, అంటే కేసు మొత్తం చెప్పే ఉత్తరం, మొదట పదకొండు పేజీలు రాశాను. అందులో కన్నీటి మహాసముద్రాలు, సేవా హిమాలయాలు అన్నీ ఉన్నాయి. అత్త చదివి, "ఇది నా గురించేనా?" అని అడిగింది. సిగ్గుపడి రెండు పేజీలు చేశాను. తేదీలు, ఏం జరిగింది, పెద్దత్త ఇప్పుడు నడుస్తోంది కాబట్టి అత్త ఎందుకు వెళ్లగలదు. నోట్‌బుక్కుల స్కాన్లు, పదకొండు పాసులు, ఫిజియోథెరపిస్టు ఉత్తరం, మేఘన బడి వాళ్ల ఉత్తరం. మేఘన తనే రాసిన ఉత్తరం కూడా జత చేశాను: "అమ్మమ్మ ఇండియా పోయే ముందు పేకాటలో నన్ను ఓడించింది. నేను గెలిచేదాకా ఆమె ఇక్కడ ఉండటం న్యాయం."

పంపాక ఏడు వారాలు. ఆ ఏడు వారాలూ రోజూ పదకొండింటికి అత్త నా ఎదురుగా కూర్చుని, "బండి ఎక్కడిదాక వచ్చింది?" అని అడిగేది. నేను మెయిల్ తెరిచి, "అవుటర్ సిగ్నల్ కాడ ఆగింది," అనేదాన్ని. ఎనిమిదో వారం బుధవారం తెరిస్తే ఒక లైను. పాస్‌పోర్టు పంపండి. మా వృత్తిలో ఆ మాటకు మామూలుగా అర్థం ఒక్కటే, సిగ్నల్ పడ్డట్టు. నేను వేసిన కేక ఉప్పల్ మెట్రో స్టేషన్‌లో వినపడిందని ఎవరైనా అంటే కాదనను. అత్త మాత్రం కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, తేదీ, పేరు, నంబరు వరుసగా సరిచూసుకుంది. ఆ తర్వాతే ఏడ్చింది. పది రోజులకు పాస్‌పోర్టు తిరిగి వచ్చింది, ట్రావెల్ డాక్యుమెంట్ అతికించి.

ఆమె వెళ్లిన వారానికి బావ షాపుకు వచ్చాడు. ఈసారి ఫైలు లేదు.

"ఆ అఫిడవిట్ ఒక కాపీ తియ్యి."

"ఎందుకు బావా, ఫ్లెక్సీ కొట్టిస్తవా?"

"అమ్మకు చదివి వినిపిస్త. సంతకం పెట్టిన గని, ఆమె మొఖం సూసి ఇంకా చెప్పలే." కాపీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సాయంత్రం ఫిజియో దగ్గరికి నేనే తీస్కపోతున్న. పోయే ముందు చదువుత."

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. ఎవరు ఎంత లావు ఫైలుతో వచ్చినా ముందు దాన్ని పక్కన పెట్టిస్తాను. కాగితాలు తర్వాత, నిజంగా ఏం జరిగిందో చెప్పమంటాను. తప్పు చేసినవాళ్లు తప్పును దాస్తారని అందరికీ తెలుసు. చేసిన మేలును ఇంకొకరి పరువు కోసం దాచేవాళ్లు కూడా వస్తారని, వాళ్లను గుర్తుపట్టి అడగడం కూడా నా పనేనని సుగుణత్త కేసు నేర్పింది. దానికి ఏ ఫారంలోనూ గడి ఉండదు.