ఎలుకలకి పెట్టిన బోను

ఆ రోజుల్లో కంప్యూటర్ల గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. మనుషుల గురించి కూడా కాస్త తెలియాలని ఎవరూ చెప్పలేదు, చెప్పినా నేను వినే రకం కాదు లెండి. భోగాపురం దగ్గర ఒక రొయ్యల ఎగుమతి కంపెనీలో కొత్త ఉద్యోగం. ఎవరి నెట్ ఆగినా, ఎవరి ప్రింటరు మొరాయించినా నేనే పరుగెత్తాలి. అందరికంటే ఎక్కువగా పిలిచేది బిల్లుల సీటు అమ్మాయి. రోజూ టీ వేళకి నా గది గుమ్మంలో నిలబడి, "సారూ, నెట్ రావటం నేదు. ఓపాలొచ్చి సూడండి" అనేది. వెళ్లి చూస్తే వెనకాల వైరు ఊడి ఉండేది. మళ్లీ గుచ్చడం చిటికెలో పని. కానీ ఆమె టిఫిన్ డబ్బా మూతలో వేయించిన నెత్తళ్ల చేపలు పెట్టేది, సముద్రం మీద వాళ్ల నాన్న వేటకబుర్లు చెప్పేది, నాకు లేవబుద్ధయ్యేది కాదు. ఆ అమ్మాయంటే నాకు ప్రాణం. పెళ్లి మాట అడుగుదామని రోజూ అనుకుని, రేపటికి వాయిదా వేసేవాణ్ణి. వైరు పీకుతున్నది ఎలుకలని మాత్రం తేల్చేశాను. (ఆమె బల్ల కింద బోను కూడా పెట్టించాను. నవ్వకండి.)

అంతలో కంపెనీవాళ్లు ఒక సాఫ్ట్‌వేర్ కొన్నారు. ఫిర్యాదులన్నీ అందులోనే రాయాలి, ఏ సీటుకి నెట్ ఆగినా అదే ఎర్రచుక్క చూపిస్తుంది. దాన్ని నా గదిలో కంప్యూటర్లో పెట్టాలా, హాల్లో గోడ టీవీకి తగిలించిన కంప్యూటర్లో పెట్టాలా అన్నది మేనేజరుగారు నాకే వదిలేశారు. స్టోర్సు మావ (ఆఫీసంతటికీ మావే) నన్ను పక్కకి పిలిచి, "ఒరే, నీ గదిలోనే ఎట్టుకోరా. అన్నీ అందరికీ సూపించక్కర్నేదు" అన్నాడు. ఓర్వలేక అంటున్నాడనుకున్నాను. నా తెలివి పదిమందీ చూడాలి కదా, ముఖ్యంగా ఆ అమ్మాయి చూడాలి కదా. హాల్లోనే పెట్టాను.

వారం తిరిగాక మేనేజరుగారు అది ఎలా పనిచేస్తుందో చూపించమన్నారు. అందరూ మూగారు. నేను టీవీ ముందు నిలబడి, "ఈ బిల్లుల సీటు చూడండి. రోజూ టీ వేళకే ఎర్రబడుతోంది, నేను వెళ్లగానే పచ్చబడుతోంది. ఎలుకలండీ" అని గంభీరంగా వివరించాను. మేనేజరుగారు కళ్లజోడు సర్దుకుని, "ఎలక్కి టీ టైము తెలుస్తాదేటి బాబూ" అన్నారు. హాలంతా గొల్లున నవ్వింది. నా బుర్ర అప్పటికి వెలిగింది. ఆ అమ్మాయి చేతిలో బిల్లులు పట్టుకుని వెనకాలే నిలబడి ఉంది. తల ఎత్తలేదు.

మర్నాడు టీ వేళకి నేనే వెళ్లాను. "నెట్ బాగానే ఉన్నాది సారూ. ఇంక మీరు రానక్కర్నేదు" అంది, స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా. ఎన్నో మాటలు అనుకుని వెళ్లినవాణ్ణి, బోను తీసుకుని వచ్చేశాను. ఆ తర్వాత ఆ సీటు ఒక్కనాడూ ఎర్రబడలేదు. ఎలుకల బెడద వదిలించానని మేనేజరుగారు నవ్వుతూ మెచ్చుకున్నారు. కొన్నాళ్లకి ఆమెకి ఎక్కడో సంబంధం కుదిరి ఉద్యోగం మానేసింది. ఆ రోజు ఎంత ఏడ్చానో స్టోర్సు మావకే తెలుసు.

ఇప్పుడు విజయనగరంలో నా ఆఫీసు గోడనిండా తెరలే. ఎక్కడైనా ఎర్రచుక్క కనిపిస్తే, "వెళ్లి చూసి రండయ్యా" అంటాను. "ఇక్కణ్ణుంచే సరిచేసేయొచ్చు కదా సార్" అంటారు నా దగ్గర పనిచేసేవాళ్లు. చేసేయొచ్చు, నాకూ తెలుసు. అయినా వెళ్లమంటాను. ఈయనకి చాదస్తం పట్టుకుందని వాళ్లు చాటున నవ్వుకుంటారు, నేనూ నవ్వుకుంటాను.